మునిగే చెక్క

పోయిన ఆదివారం ఉదయం ఎనిమిది గంటల పది నిమిషాలకు మా మనవరాలు గిన్నెలు కడిగే టబ్బులో చెక్క గరిటె వేసింది. గరిటె ఒకసారి కిందికి పోయి, పైకి వచ్చి, ఏ పక్కకూ ఒరగకుండా నిలిచింది.

సమయం నాకు గుర్తుండడానికి కారణం ఉంది. ఆ పిల్ల చేతిలో ఒక కాగితం, ఆ కాగితంలో సమయం రాయడానికి ఒక గడి ఉన్నాయి. "టైం ఎంత అవ్వా?" అని అడిగితే గోడ గడియారం చూసి చెప్పాను. ఆత్మకూరులో తను చదివే బడిలో నాలుగో తరగతి పిల్లల్లో చురుకైనవాళ్లను కొందరిని వేరు చేసి, వారానికొక అట్టపెట్టె ఇచ్చి పంపుతున్నారు. ఈ వారం పెట్టెలో ఒక థర్మోకోల్ ఉండ, ఒక మేకు, ఒక ప్లాస్టిక్ చెంచా, ఒక రబ్బరు ముక్క, ఒక చెక్క బిళ్ల వచ్చాయి. తేలేవి ఒక వరసలో, మునిగేవి ఇంకో వరసలో రాయాలి. చెక్క బిళ్ల ఎక్కడో పారేసుకుంది. అందుకని వంటింట్లోంచి గరిటె తెచ్చింది.

నిజానికి నీళ్లలో వేయకముందే "చెక్క తేలును" అని రాసేసింది.

"అన్ని చెక్కలూ తేలతాయా?" అన్నాను.

"అన్నీ తేలతాయి అవ్వా. వెనక పేజీలో ఆన్సర్ ఇచ్చేసుండారు."

"మునిగేది కూడా ఉండాది."

"ఏదీ, చూపించు."

నేను చూపించలేదు. చేతులు తుడుచుకుని వరండాలోకి వచ్చి కూర్చున్నాను. యాభై ఏళ్ల కిందటి సంగతి. అయినా ఎవరైనా పిల్లలు "ఏదీ, చూపించు" అంటే నేను ఇప్పటికీ ఇలాగే లేచి వచ్చేస్తాను.

ఆ గరిటె చేసిన మనిషి చనిపోయి ఆ రోజుకు నలభై రోజులు.

మేము ఉదయగిరిలో ఐదో తరగతి చదువుతున్నప్పుడు మా సారు కలిగిరి నుంచి రోజూ బస్సులో వచ్చేవారు. పొట్టి మనిషి. చొక్కా జేబులో సుద్దముక్క, దారపు ఉండ, ఒక అయస్కాంతం ఉండేవి. చొక్కా అందుకే ఎప్పుడూ ఒక పక్కకు వేలాడేది. శనివారం బడి వదిలాక మమ్మల్ని ఐదుగురిని ఆపేసేవారు. తెలివైన పిల్లలు అనే మాట ఆయన నోట నేను వినలేదు. లెక్క ముందే చేసేసి పక్కవాళ్లను గిల్లేది ఎవరో చూసి, వాళ్లను ఏరుకున్నారు. "మీకు నేను పని పెట్టకపోతే మీరు నాకు పని పెడతారు" అనేవారు.

మా నాయనకు బజారులో కిరాణా అంగడి ఉండేది. శనివారం నేను గౌను జేబులో బొరుగులూ వేపుడు శనగపప్పూ పోసుకుని వచ్చేదాన్ని. తడి పలకల వాసన, సుద్ద వాసన, ఆ శనగపప్పు వాసన కలిసి ఆ గదికి ఒక వాసన ఉండేది. పొద్దు కొండ వెనక్కి దిగేదాకా అక్కడే ఉండేవాళ్లం.

సారు పద్ధతి ఒకటే. నోటితో చెప్పింది జవాబు కాదు. "నోటి జవాబు నాకొద్దు. చేతి జవాబు తీసుకురాండి" అనేవారు. ఏ మాట అన్నా, అది నిజమని చూపించే వస్తువును ఇంటి నుంచి తెచ్చి బల్ల మీద పెట్టాలి. పెట్టిన తరువాత చూసింది చూసినట్టు చెప్పాలి. చాలా ఉన్నాయి అంటే ఒప్పుకునేవారు కాదు. "చాలా అంటే ఎన్ని?" అని అడిగేవారు. లెక్క చెప్పేదాకా వదిలేవారు కాదు.

ఒకసారి ఉడికిన గుడ్డు, పచ్చి గుడ్డు తెచ్చి, పగలగొట్టకుండా ఏది ఏదో చెప్పమన్నారు. బల్ల మీద బొంగరంలా తిప్పి చూసి చెప్పాం. ఒక పిల్లవాడు తిప్పిన పచ్చి గుడ్డు బల్ల దిగి సారు చెప్పులో పడింది. "ఇది పచ్చిదని ఇప్పుడు నాకు బాగా తెలిసింది" అని ఆయన చెప్పు కడుక్కోవడానికి పోయారు.

ఇంకోసారి తలా ఒక లోటా నిండా చింతగింజలు పోసి ఇచ్చి, అన్నీ లెక్కపెట్టకుండా ఎన్ని ఉన్నాయో చెప్పమన్నారు. నేను లోటాను అంగడికి తీసుకుపోయి, యాభై గింజలు ఎంచి తక్కెడలో ఒక పక్క వేశాను. మిగిలినవాటిని వాటికి సరితూగే కుప్పలుగా చేస్తున్నాను.

"ఏందే ఇది?" అన్నాడు నాయన. "గిరాకీ టయానికి తక్కెడ పట్టుకున్నావు."

"సారు లెక్క తెమ్మన్నాడు నాయనా."

"మీ సారుకు బడి చాల్లేదంటనా? నా అంగడి కూడా కావాల్నంటనా?"

మిరపకాయల కోసం నిలబడిన ఒకాయన నవ్వి, "పోనీలేప్పా, రేపటి నుంచి చింతగింజలు కూడా అమ్ముదువు" అన్నాడు.

నా లెక్క దాదాపు సరిపోయింది. నా పక్కన కూర్చునే పిల్ల లెక్క తప్పింది. ఆమె ఒక చెంచాకు ఎన్ని గింజలు పడతాయో చూసి, లోటాలో ఎన్ని చెంచాలు ఉన్నాయో కొలిచింది. అరవైకి పైగా ఎక్కువ వచ్చాయి. మగపిల్లలు నవ్వారు. ఆమె కాసేపు లోటాలోకి చూసి, "ఇంటికి మోసకపోతా ఉంటే అదిరి, చిన్న గింజలు అడుక్కు పోయినాయి సారూ" అంది. "నేను మొదటి చెంచా అడుగునుంచి తీసినాను. అందుకే ఎక్కువొచ్చినాయి."

సారు నా జవాబును బాగుందన్నారు. ఆమె తప్పు గురించి మాత్రం అరగంట మాట్లాడారు. ఆ రోజు నాకు ఏడుపు వచ్చినంత కోపం వచ్చింది.

బడిలో అందరూ ఆమెను చెంచాల పిల్ల అనేవాళ్లు. వాళ్ల ఇంట్లో చెక్క చెంచాలు, గరిటెలు, ఫోర్కులు చేసేవాళ్లు. బడి వెనక రెండో సందులో ఇల్లు. వాకిట్లో గరిటెలకు కొండ నుంచి తెచ్చిన నర్ది చెక్కల దొంతర, దాని మీద తడి గోనెపట్టాలు. చెక్క ఆరిపోతే చెక్కడానికి లొంగదని ఎప్పుడూ నీళ్లు చల్లుతూ ఉండేవాళ్లు. ఆమె నాయన బాడిశతో చెక్కి ఆకారం తెచ్చేవాడు. అవ్వ గోడకు ఆనుకుని ఉప్పుకాగితంతో రుద్దేది. ఆ పిల్ల బడి నుంచి రాగానే ఆకురాయి తీసుకుని అంచులు అరగదీసేది. ఆమె వేళ్ల సందుల్లో పచ్చటి పొడి ఎప్పుడూ ఉండేది. పొయ్యిలోకి కూడా చెక్క పొట్టే. ఆ ఇంట్లో సంగటికీ పచ్చిపులుసుకూ ఆ పొగ రుచి ఉండేది. తోక విరిగిన చెంచాలతో తినేవాళ్లం.

ఆమె నాయన మాట తక్కువ మనిషి. ఆ ఏడు ఒక మాట మాత్రం నాలుగైదు సార్లు అన్నాడు. "అయిదు అయిపోతే చాల్లే పాపా. ఇంట్లో చేతులు చాలడం లేదు."

వానాకాలంలో ఒక శనివారం సారు బకెట్టు నిండా నీళ్లు తెప్పించి, "చెక్క తేలుతుందా మునుగుతుందా?" అని అడిగారు. నలుగురం తేలుతుందన్నాం.

"కొన్ని మునుగుతాయి సారూ" అంది చెంచాల పిల్ల.

"చేతి జవాబు?"

సోమవారం పొద్దున్నే ఒక నర్ది చెక్క ముక్క తెచ్చి బకెట్టులో వేసింది. మునిగింది. ఆమె మా వైపు చూసింది. సారు ఆ ముక్కను తీసి చేత్తో ఒత్తి చూశారు. "ఇది మీ గోనెపట్టా కింద నానింది కదమ్మా. నీళ్లు తాగితే ఏదైనా మునుగుతుంది. దీన్ని వారం రోజులు బడి కప్పు మీద ఎండబెట్టు."

వారం ఎండాక ఆ ముక్క తేలింది. మగపిల్లలు రెండు రోజులు ఆమెను ఏడిపించారు. "ఏమే, మీ చెంచాలు పులుసులో మునుగుతాయంట గదా, అడుగున వెతుక్కోవాల్నంట గదా" అని. మూడో రోజున తువ్వాలులో చుట్టి చిటికెన వేలంత ముక్క ఒకటి తెచ్చింది. ముదురు ఎరుపు. పట్టుకుంటే దాని సైజుకు బరువెక్కువ.

"ఇది ఎండిందే సారూ. మా అవ్వ పెట్టెలో ఏండ్లతరబడి ఉండాది."

వేసింది. రాయిలాగా తిన్నగా అడుగుకు పోయి, బకెట్టు అడుగున టక్కుమంది.

ఆ చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. చెక్క మునగడం అనేది మేము చూడని సంగతి. సారు ముక్కను తీసి తుడిచి, వాసన చూసి, "ఇది వాపులకు అరగదీసే మందు చెక్క కదమ్మా?" అన్నారు. ఆమె అవునంది. మా ఇంట్లో కూడా అలాంటి ముక్క ఉండేది. కాలు బెణికితే మా అమ్మ దాన్ని సానరాయి మీద నీళ్లతో అరగదీసి పట్టు వేసేది. ఎర్రచందనం. చెట్టు పై కొండల్లోనే ఉంటుంది. దాన్ని కొట్టినా, దుంగ ఇంట్లో పెట్టుకున్నా నేరమని పెద్దవాళ్లకు తెలుసు. పిల్లలకు అది మందు చెక్క, అంతే. వేలెడు ముక్క ప్రతి ఇంట్లో ఉండేది, దాని గురించి ఎవరూ రెండోసారి ఆలోచించేవాళ్లు కాదు.

అప్పుడే ఆత్మకూరులో చుట్టుపక్కల ప్రాథమిక పాఠశాలల పిల్లలకు సైన్సు పోటీ పెట్టారు. బడికి ఇద్దరు రావాలి, ఒక ప్రశ్న ఎత్తుకుని చేసి చూపించాలి. గెలిచిన జట్టులో ఒకరికి నెల్లూరులో హాస్టలు బడిలో సీటు. తిండి, బట్టలు, పుస్తకాలు అన్నీ వాళ్లవే. సారు ఆమెనూ నన్నూ ఎంచుకున్నారు. ఆమె నాయన దగ్గరికి స్వయంగా పోయారు. నేను వెంట ఉన్నాను.

ఆయన బాడిశ పక్కన పెట్టాడు. "గెలిస్తే పంపిస్తాను సారూ. నేను మాటన్నానంటే మాటే. గెలవకపోతే మళ్లీ నన్ను అడగబాకండి."

ఆ రోజు నుంచి ఆమె సరిగ్గా నిద్రపోలేదని నాతో చెప్పింది. గెలవడం ఆమెకు చదువు. ఓడిపోవడం ఆకురాయి.

పోటీకి ముందు శుక్రవారం సాయంత్రం బడి వెనక మెట్ల మీద కూర్చుని ఏం చెప్పాలో వల్లె వేసుకుంటున్నాం. నర్ది, బిక్కి, వేప, మామిడి, తుమ్మ ముక్కలు ఐదు సిద్ధంగా ఉన్నాయి. ఆరోది ఈ ఎర్ర ముక్క. నాకు ఒక అనుమానం వచ్చింది. అనుమానం అనే కంటే తెలివి వచ్చిందనాలి. చింతగింజల రోజు నుంచి నాకు అలాంటి తెలివి ఒకటి రావాలని ఉండేది.

"ఇది చిన్నది కాబట్టి మునిగిందంటారేమో" అన్నాను. "పెద్దది కూడా వేసి చూపిస్తే ఇంక వాళ్లకు అడిగేదానికేమీ ఉండదు. మీ ఇంట్లో పెద్దది లేదా?"

"ఉండాది. దొంతర కింద ఉండాయి. మా నాయన ముట్టుకోబాకన్నాడు."

"ఒక్కరోజుకే గదా. మళ్లీ పెట్టేయొచ్చు."

నేను చెప్పింది సరైన మాటే. మంచి ప్రశ్న. సారు విని ఉంటే నన్ను మెచ్చుకునేవారు. ఆమె లేచి, "నువ్వు చెప్పింది నిజమే. సైజు మార్చి చూడాల్సిందే" అంది.

శనివారం పొద్దున బస్సులో ఆమె ఒళ్లో సంచీ ఉంది. పెద్ద ముక్కను ఇంట్లో వాళ్లు నీళ్లకు పోయినప్పుడు తీశానని నాకు మాత్రం చెప్పింది. సారు సంచీ తెరిచి చూడలేదు. ఆత్మకూరు బస్టాండు పక్క హోటల్లో మా ఇద్దరికీ దోసెలు తినిపించారు. ఆమె అప్పటిదాకా దోసె తినలేదు. చట్నీ గిన్నెను బొటనవేలితో తుడిచి, "దీంట్లో ఏమేసినారో కనిపెడతాను ఉండు" అంది. శనగపప్పు, పచ్చిమిరపకాయ దాకా చెప్పింది. సర్వరు నవ్వి ఇంకో గరిటెడు వేసి పోయాడు.

పోటీ ఒక పెద్ద బడిలో జరిగింది. మా వంతు మధ్యాహ్నం వచ్చింది. ముగ్గురు పెద్దవాళ్లు కుర్చీల్లో కూర్చుని ఉన్నారు, వాళ్ల పక్కన అతిథిగా వచ్చిన ఇంకో ఆఫీసరు ఉన్నాడు. ఆమె ఒక్కొక్క ముక్కా చూపించి పేరు చెప్పి బకెట్టులో వేసింది. నేను పలక మీద గీతలు గీశాను. ఐదు తేలాయి. చిన్న ఎర్ర ముక్క మునిగింది. హాలులో పిల్లలు గోల చేశారు. అప్పుడు ఆమె సంచీలోంచి మోచెయ్యంత ముక్క తీసింది. ఒక చివర కొత్తగా కోసిన గుర్తు ఉంది. సారు అదే మొదటిసారి చూడడం. ఆయన కుర్చీలోంచి సగం లేచి, మళ్లీ కూర్చున్నారు.

పెద్దది కూడా మునిగింది.

"చిన్నదైనా పెద్దదైనా మునిగేది మునుగుతాది, తేలేది తేలతాది" అంది. "సైజు కాదు సార్. లోపల ఎంత దట్టంగా ఉండాది అనేదాన్ని బట్టి."

చప్పట్లు కొట్టారు. ఆ ఆఫీసరు కూడా కొట్టాడు. లేచి వచ్చి బకెట్టులోంచి ముక్కను తీసి, నీళ్లు కారుతుండగా కోసిన చివరను చూశాడు. ఆయన మొహంలో నవ్వు ఇంకా ఉంది.

"చాలా బాగా చెప్పినావు పాపా. ఇంత ముక్క ఎక్కడిది?"

"మా ఇంట్లోది సార్."

"ఇంకా ఉన్నాయా?"

"ఉండాయి సార్."

"చాలా ఉన్నాయా?"

ఆమె సారు వైపు చూసింది. చాలా అనే మాటకు ఏం జవాబు చెప్పాలో ఆయన నేర్పిందే.

"ఆరు సార్" అంది. "నర్ది చెక్కల కింద."

గర్వంగా చెప్పింది. నేను పక్కనే ఉన్నాను, ఆమె గొంతు నాకు తెలుసు. ఆఫీసరు మొహంలో నవ్వు ఆగిపోయింది. ఆయన కోపం తెచ్చుకోలేదు. ముక్కను బల్ల మీద పెట్టి, చేతిరుమాలుతో చేతులు తుడుచుకుని, తన కుర్చీ దగ్గరికి పోయాడు. ఆయన ఫారెస్టు ఆఫీసరని తరువాత తెలిసింది. అప్పుడు నాకేమీ అర్థం కాలేదు. సారు మొహం చూశాక చేతిలో పలకను బోర్లించాను.

మేమే గెలిచాం. ఒక గ్లోబు ఇచ్చారు. తిరుగు బస్సులో గ్లోబును ఆమె ఒళ్లో పెట్టుకుని, ఉదయగిరి ఎక్కడుంటుందో వెతుకుతూ కూర్చుంది. పెద్ద ముక్క వాళ్లే ఉంచేసుకున్నారు. "సోమవారం ఇస్తారేమోలే" అంది. సారు దారి పొడవునా కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. ఉదయగిరిలో దిగాక కలిగిరి బస్సు పోనిచ్చి, ఆమెతోపాటు వాళ్ల ఇంటి దాకా పోయారు. ఆమె నాయన ఇంట్లో లేడు, చెంచాల మూటతో నెల్లూరు పోయాడని అవ్వ చెప్పింది. సోమవారం వస్తాడంది. సారు అవ్వతో ఏం చెప్పారో నాకు తెలియదు. చెప్పకుండానే వచ్చేశారేమో కూడా తెలియదు.

మంగళవారం ప్రార్థన అయిన కాసేపటికి బడి ముందు నుంచి ఫారెస్టు జీపు పోయింది. మా ఊళ్లో జీపు పోతే అందరూ చూసేవాళ్లు. చెంచాల పిల్ల లేచి నిలబడి, ఎవరినీ అడక్కుండా బయటికి పరిగెత్తింది. సారు సుద్దముక్కను బల్ల మీద పెట్టి ఆమె వెనక నడిచారు. నేను ఆయన వెనక నడిచాను.

వాకిట్లో నర్ది చెక్కలన్నీ పక్కకు తీసేసి ఉన్నాయి. కింద ఉన్న దుంగలను వరసగా పేర్చారు. ఆరు ఉన్నాయి. ఆమె చెప్పిన లెక్క సరిపోయింది.

అవి ఆయన కొట్టినవా, ఎవరైనా నాలుగు రోజులు దాచిపెట్టమని ఇచ్చినవా, నాకు ఇప్పటికీ తెలియదు. ఆయన ఎవరి పేరూ చెప్పలేదని తరువాత విన్నాను. వచ్చినవాళ్లు ఎవరినీ కొట్టలేదు, తిట్టలేదు. కాగితాలు రాసుకున్నారు. వాళ్లలో ఒకాయన ఆ పిల్ల ముందు వంగి అడిగాడు.

"ఆ పెద్ద ముక్క తీసకపొమ్మని నీకెవరు చెప్పినారు పాపా?"

మా ఇద్దరి మోచేతులూ తగులుతున్నాయి. ఆమె నా వైపు చూడలేదు.

"ఎవురూ చెప్పలేదు. నేనే" అంది.

చూసింది చూసినట్టు కాకుండా ఆమె మాట చెప్పడం నేను వినడం అదే మొదలు. నేను నోరు తెరవలేదు. పదేళ్ల పిల్లను, భయపడ్డాను అని ఎన్నోసార్లు నాకు నేను చెప్పుకున్నాను. ఆమె కూడా పదేళ్ల పిల్లే.

ఆమె నాయన చేతులు కడుక్కుని, చొక్కా అడిగి వేసుకున్నాడు. గుండీలు పెట్టుకుంటూ కూతురి వైపు చూశాడు.

"ఆత్మకూరులో బాగా చెప్పినావంటనే."

అంతే అన్నాడు. జీపు ఎక్కాడు. అది మెప్పో, ఎత్తిపొడుపో నేను ఇన్నేళ్లలో తేల్చుకోలేకపోయాను. అవ్వ ఒళ్లో సగం రుద్దిన గరిటె అలాగే ఉంది.

ఆ వారమంతా మా అంగట్లో అదే మాట. "కన్న కూతురే పట్టించిందంట." "బడికి పంపితే అంతే మరి." నేను వెనక కూర్చుని కందిపప్పులో రాళ్లు ఏరుతూ విన్నాను. నాయన నా వైపు తిరిగి, "నువ్వేమన్నా చెప్పినావా ఆ పిల్లకు?" అని అడిగాడు. "లేదు నాయనా" అన్నాను.

తరువాతి శనివారం గంట కొట్టాక కూడా మేము ముగ్గురం నలుగురం అలవాటుగా కూర్చునే ఉన్నాం. సారు కిటికీ తలుపులు వేస్తూ, "ఇంకా కూర్చున్నారేంది? ఇంటికి పొయ్యి ఆడుకోండి" అన్నారు. ఆయన జేబులో దారపు ఉండ లేదు. ఆ తరువాత ఏడాది చివరిదాకా పాఠం చదివించడం, ప్రశ్నలూ జవాబులూ రాయించడం, అంతే.

దసరా సెలవుల ముందు నెల్లూరు నుంచి సీటు కాగితం వచ్చింది, ఆమె పేరు మీద. సారు దాన్ని తీసుకుని వాళ్ల ఇంటికి పోతూ నన్ను రమ్మన్నారు. ఒంటరిగా పోలేకపోయారేమో.

"అమ్మా, ఇందులో పిల్ల తప్పేమీ లేదు" అన్నారు అవ్వతో.

"తప్పని నేనన్నానా సారూ?" అంది అవ్వ. "చూసింది చెప్పమన్నావు, చెప్పింది. మంచిదే. ఇంట్లో బాడిశ పట్టే చెయ్యి పోయె. ఇప్పుడు ఈ చేతులు కూడా నువ్వు తీసకపోతే, మేము తినేదేంది?"

సారు ఆ పిల్లను అడిగారు. "నువ్వేమంటావమ్మా?"

"నేను పోను సారూ." ఆకురాయి ఆగలేదు.

ప్రతిదానికీ ఎందుకని అడిగే మనిషి, ఆ రోజు ఎందుకని అడగలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. జట్టులో మొదటివాళ్లు రాకపోతే రెండోవాళ్లకు సీటు ఇవ్వొచ్చని ఆ కాగితంలోనే ఉంది. ఆ ఎండాకాలం తరువాత నేను నెల్లూరు పోయాను. మా నాయన ఊరంతా చెప్పుకున్నాడు. గ్లోబు కూడా నాతోనే వచ్చింది. ఆమె ఇచ్చేసింది.

నేను లెక్కల టీచరునయ్యాను. ముప్పై ఏళ్లకు పైగా ఆత్మకూరు చుట్టుపక్కల బడుల్లో పనిచేశాను. మంచి టీచరని పేరు. ఒక్క పిల్లను, ఒక్క పిల్లవాడిని కూడా ఇంటి నుంచి ఏదైనా తెమ్మని అడగలేదు. అన్నీ నేనే కొని తీసుకుపోయేదాన్ని.

ఆమె నాయన దాదాపు ఏడాదికి తిరిగి వచ్చాడు. ఆమె అదే ఊళ్లో, అదే గరిటెల పని చేసేవాళ్ల ఇంటికే కోడలైంది. నేను ఏడాదికి రెండు మూడు సార్లు ఉదయగిరి బస్సెక్కి గరిటెలు కొనడానికి పోయేదాన్ని. నా ఇంట్లో అన్ని గరిటెలు దేనికని మా వాళ్లు నవ్వేవాళ్లు. "రా, కూర్చో" అనేది ఆమె. పిల్లల గురించి, మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుకునేవాళ్లం. ఆ సంగతి ఎత్తాలని ప్రతిసారీ అనుకునేదాన్ని, గరిటె తీసుకుని వచ్చేసేదాన్ని.

ఒకసారి పోయినప్పుడు ఆమె పక్కన చిన్న సిమెంటు తొట్టి, నిండా నీళ్లు ఉన్నాయి. చేసిన ప్రతి గరిటెనూ అందులో వేసి, అది ఎలా నిలబడుతుందో చూసి, తీసి తుడిచి, కొన్నిటిని మళ్లీ ఒళ్లోకి తీసుకుంటోంది.

"ఏందే అది?" అన్నాను.

"చూస్తా ఉండాను. ఒక పక్కకు వాలిందనుకో, ఆ పక్క మందం ఉన్నెట్టు. కంటికి తెలీదు, చేతికీ తెలీదు. నీళ్లకు తెలుస్తాది. ఇంకొంచెం గీకాల."

"ఎవరు చెప్పినారు నీకు ఇది?"

ఆమె తల ఎత్తలేదు.

"ఎవురూ చెప్పలేదు. నేనే."

సరిగ్గా అవే మాటలు. అదే గొంతు. నాకు చెప్పాలని అందో, నోటికొచ్చింది అందో తెలియదు. నా చేతిలో గరిటె ఉంది, దాన్ని ఎక్కడ పెట్టాలో కూడా తోచలేదు. ఆమె ఇంకో గరిటె నీళ్లలో వేసి, అది నిలబడేదాకా చూస్తూ కూర్చుంది.

ఆమె పోయిన సంగతి నాకు పన్నెండో రోజున తెలిసింది. మూడు రోజుల జ్వరం. నేను పోయేసరికి కర్మకాండలు అయిపోయాయి. కోడలు నన్ను గుర్తుపట్టి కాఫీ ఇచ్చింది. తొట్టిలో నీళ్లు లేవు. మట్టి పోసి తులసి, కరివేపాకు నాటి ఉన్నాయి.

"ఇప్పుడు అంతా మిషన్ మీద కోస్తన్నారు గదమ్మా, అన్నీ ఒకటే మందం వస్తాయి" అంది కోడలు. "అత్తమ్మ ఒకటే వేసేది నీళ్లల్లో. పని లేట్ అయ్యేది. ఎందుకో మాకు తెలీదు."

నాకు తెలుసు. కోడలికి కూడా చెప్పలేదు.

ఆదివారం మా మనవరాలు వరండాలోకి వచ్చి కాగితం నా ముందు పెట్టింది. "మునిగే చెక్క ఉండాదన్నావే, యాడుండాది?" అని అడిగింది. మా అమ్మ వాడిన మందు ముక్క నా పెట్టెలో ఇప్పటికీ ఉంది. నేను లేచి పెట్టె తాళం తీసి, ఆ వేలెడు ముక్కను పిల్ల చేతిలో పెట్టాను. టబ్బులో వేసింది. అడుగున టక్కుమంది. పిల్ల నోరు తెరుచుకుని నన్ను చూసింది. తరువాత కాగితంలో రాసిన మాటను కొట్టేసి, నా పక్కన కూర్చుంది.

"ఇది ఎవరు కనిపెట్టినారు అవ్వా?"

మధ్యాహ్నం దాకా చెప్పాను. పెద్దది తెమ్మన్నది ఎవరో కూడా చెప్పాను. గరిటెను మళ్లీ నీళ్లలో వేసి, ఏ పక్కకైనా ఒరుగుతుందేమోనని చూసింది. ఒరగలేదు.

ఉదయగిరిలో గరిటెలు ఇప్పటికీ చేస్తారు. నీళ్లలో వేసి చూసి అమ్మడం మాత్రం ఇప్పుడు లేదు.